పిల్లి వీ1లో 30 సెకన్ల తర్వాత స్పైకులు పడిపోతున్నాయి: న్యూరాన్ అలసిపోయిందా?

ప్రశ్న: పిల్లి వీ1లో (మెదడు కార్టెక్స్‌లో చూపు సంకేతాలు మొదట చేరే భాగం) ఒక్కో న్యూరాన్‌ని రికార్డు చేస్తున్నాం. కదిలే చారలను గరిష్ఠ కాంట్రాస్ట్‌లో (వెలుగు, చీకటి చారల మధ్య తేడా) 30 సెకన్లు చూపాక, 10 శాతం కాంట్రాస్ట్ చారలకు స్పైకులు (న్యూరాన్ పంపే విద్యుత్ పల్సులు) దాదాపు రావడం లేదు. ఇది అలసటేనా?

జవాబు 1: కాదండీ. అదే న్యూరాన్‌కి 80 శాతం చూపించండి, గట్టిగానే పలుకుతుంది. కాంట్రాస్ట్‌ను లాగ్ స్కేలు మీద గీస్తే స్పందన వక్రరేఖ కుడికి జరిగి ఉంటుంది, అంటే అదే స్పందనకు ఇప్పుడు ఎక్కువ కాంట్రాస్ట్ కావాలి. పరిశోధకులు ఓజావా, స్క్లార్, ఫ్రీమన్ 1982లో చూపింది ఇదే. 1997లో కరండినీ, ఫెర్‌స్టర్ కణం లోపలి నుంచి కొలిస్తే పొర వోల్టేజి ఇంకా కిందికి దిగి కనిపించింది. అందుకే బలహీన ఇన్‌పుట్ స్పైకు హద్దు దాకా చేరదు. ఒక కారణం: స్పైకులతో లోపలికొచ్చిన సోడియం కొన్ని పొటాషియం ఛానెళ్లను తెరుస్తుంది, పొటాషియం బయటికి పోయి వోల్టేజి దిగుతుంది. అవి మూసుకోవడానికి సెకన్లు పడుతుంది.

జవాబు 2: వేర్వేరు కాంట్రాస్ట్ పరీక్షలన్నీ వరసగా పెడితే మధ్యలోనే కోలుకుంటుంది, వక్రరేఖ ఎడమకి జారిపోతుంది. ప్రతి 1 సెకను పరీక్షకు ముందు 4-5 సెకన్లు మళ్లీ ఆ గరిష్ఠ కాంట్రాస్ట్ చారలే చూపండి. కాంట్రాస్ట్‌ల క్రమం కలగాపులగం చేయండి, 0 శాతం (ఖాళీ తెర) తప్పనిసరి. మానిటర్ గామా (ఇచ్చిన విలువకు తెర వెలుగు ఎంత మారుతుందో) సరిచేయకపోతే మీ 10 శాతం నిజంగా 10 కాదు. ముందు ఫోటోమీటరుతో (వెలుగు కొలిచే పరికరం) కొలవండి.

ప్రశ్న: చారల వాలు మారిస్తే?

జవాబు 1: అప్పుడు కథ వేరు. చూపిన వాలు వైపు స్పందన ఎక్కువగా తగ్గి, న్యూరాన్‌కి నచ్చే వాలే అవతలికి జరగొచ్చు.