జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4) లెక్కకూ పేమెంట్ గేట్‌వే లెక్కకూ పొంతన లేదు (రియాక్ట్ సైటు)

గానుగ_అనంత: గానుగ శెనక్కాయ నూనె అమ్మే సైటు ఒకటి అనంతపురం నుంచి చూస్తాండా. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో కట్టింది, పేజీ మారినా రీలోడ్ కాదు. పేజ్‌వ్యూలు ఒకటికి రెండు పడతాండాయి. పర్చేజ్‌లేమో తక్కువ: గేట్‌వేలో 100 ఆర్డర్లుంటే జీఏ4లో 70 దాటవు, తగ్గేవి ఎక్కువగా ఫోన్లో యూపీఐతో కట్టినవే. ఇంకోటి, కొనే బటన్‌ను ధర పక్కకు తెచ్చి ఏ/బీ టెస్ట్ పెట్టినాం. పాత బటన్ కనపడి మాయమై కొత్తది వస్తాంది. టూల్‌లో ఏ (పాత బటన్) వైపు 5000 మంది, బీ (కొత్తది) వైపు 4700 మంది. బీ గెలిచిందంటాంది. నమ్మొచ్చా?

కడప_కోడర్: పేజ్‌వ్యూల సంగతి చిన్నదే. జీఏ4 సెట్టింగుల్లోని ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్‌లో బ్రౌజర్ హిస్టరీ మార్పులను లెక్కపెట్టే టిక్ ఉంటుంది, మీ రౌటర్ (పేజీలు మార్చే) కోడ్ కూడా విడిగా పంపుతుంటుంది. ఆ టిక్ తీసేసి కోడ్‌నే ఉంచండి. హిస్టరీ మారిన క్షణానికి టైటిల్ ఇంకా మారి ఉండదు కాబట్టి కొత్త యూఆర్ఎల్‌కు పాత పేజీ పేరు అంటుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో మాత్రమే రెండు పడుతుంటే అది రియాక్ట్ స్ట్రిక్ట్ మోడ్ పని (తప్పులు పట్టడానికి కోడ్‌ను రెండుసార్లు నడుపుతుంది), లైవ్ సైటులో ఉండదు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో 'కలెక్ట్' అని వెతికి పేలోడ్ తెరిచి చూడండి, ఒకే రిక్వెస్టులో నాలుగైదు ఈవెంట్లు కలిసి పోతుంటాయి.

బురుజు_కర్నూలు: పర్చేజ్‌లు పోయేది డబ్బు కట్టాక వచ్చే థ్యాంక్యూ పేజీ దగ్గర. కస్టమర్ యూపీఐ యాప్‌లోకి పోతాడు, డబ్బు కట్టేస్తాడు, మళ్లీ బ్రౌజర్‌కు రాడు. వచ్చినా ర్యామ్ తక్కువున్న ఫోన్లో ట్యాబ్ అప్పటికే మూతపడి ఉంటుంది. పేజీ తెరుచుకోకపోతే జావాస్క్రిప్ట్ నడవదు, ఈవెంట్ పోదు. యాడ్ బ్లాకర్లు మింగేవి దీనికి అదనం. బ్రౌజర్‌లో ఎన్ని తిప్పలు పడినా ఇది పూర్తిగా తీరదు, పర్చేజ్‌ను సర్వర్ నుంచే పంపాలి.

చెక్అవుట్ నొక్కగానే జీఏ కుకీలోని క్లయింట్ ఐడీని (బ్రౌజర్ గుర్తు), సెషన్ ఐడీని (ఆ సందర్శన గుర్తు) ఆర్డర్ రికార్డులో రాసిపెట్టుకోండి. గేట్‌వే వెబ్‌హుక్ (డబ్బు పడిందని మీ సర్వర్‌కు పంపే కబురు) రాగానే సిగ్నేచర్ సరిచూసి, ఆ రెండూ, ఆర్డర్ నంబరే ట్రాన్సాక్షన్ ఐడీగా పెట్టి మెజర్‌మెంట్ ప్రోటోకాల్‌తో (సర్వర్ నుంచి జీఏ4కు ఈవెంట్లు పంపే పద్ధతి) పంపండి. సెషన్ ఐడీ లేకపోతే అమ్మకం పడుతుంది గానీ ఏ ప్రకటన వల్ల వచ్చిందో తెలియదు. ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు రావచ్చు, ఇదివరకే పంపామా అని డేటాబేస్‌లో చూసుకోండి. థ్యాంక్యూ పేజీలోని పాత ఈవెంట్ తీసేయండి. ఇంకో మెలిక: పంపింది తప్పుల తడకైనా ఈ ప్రోటోకాల్ ఎర్రర్ చూపదు. ముందు డీబగ్ ఎండ్‌పాయింట్‌కు పంపి చూడండి.

కడప_కోడర్: టెస్టును మాత్రం నమ్మొద్దు. 50-50గా పంచితే 5000, 4700 ఊరికే రావు. కై-స్క్వేర్ (తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే లెక్క) కడితే 9.28, హద్దు 3.84; హద్దు దాటితే ఏదో తేడా ఉన్నట్టే. బీ కోడ్ ఆలస్యంగా లోడై ఉంటుంది, నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లు లెక్కలోకి రాకముందే వెళ్లిపోయి ఉంటారు. ఓపికగా నిలిచినవాళ్లలో కొనేవాళ్లే ఎక్కువ, అందుకే బీ గెలిచినట్టు కనబడుతుంది. జల్లెడలో మిగిలినవాటిని తూచి పంట బాగుందన్నట్టే.

పాత బటన్ మెరిసి మాయమవడాన్ని ఆపడానికి పేజీని దాచిపెట్టే స్నిపెట్ (చిన్న కోడ్ ముక్క) వేయొద్దు, ఎల్‌సీపీ (పేజీలోని పెద్ద భాగం కనపడటానికి పట్టే సమయం) దెబ్బతింటుంది. గూగుల్ వారి ఏ/బీ టెస్ట్ టూల్ ఆప్టిమైజ్ 2023 సెప్టెంబర్ 30న మూతపడింది, దాని స్నిపెట్ మీ సైటులో మిగిలి ఉంటే పీకేయండి. స్క్రిప్ట్ రాకపోతే టైమౌట్ దాకా తెల్ల పేజీయే. పైగా బయటి టూల్ మార్చిన బటన్‌ను రియాక్ట్ మళ్లీ గీసినప్పుడు పాతది తిరిగొస్తుంది.

ఏ వేరియంటో సర్వర్‌లోనే తేల్చండి, కుకీ కూడా సర్వరే వేయాలి. జావాస్క్రిప్ట్‌తో వేసిన కుకీని సఫారీ 7 రోజులకే తుడిచేస్తుంది. నూనె అయిపోయాక నెలకు వచ్చే ఐఫోన్ కస్టమర్‌కు రెండో వేరియంట్ కనబడొచ్చు. రెండు వైపులా బటన్ గీసిన క్షణానే లెక్కలోకి తీసుకోండి. ఇక ఎంతమంది కావాలన్న మాట: 100కు 2 కొంటుంటే, అది 2.4 అయిందని తేల్చడానికి ఒక్కో వైపు సుమారు 21,000 మంది కావాలి. మీకింకా సగం కూడా రాలేదు.

గానుగ_అనంత: క్యాష్ ఆన్ డెలివరీకి వెబ్‌హుక్ రాదు కదన్నా?

బురుజు_కర్నూలు: రాదు. ఆర్డర్ సేవ్ అయినప్పుడే సర్వర్ నుంచి పంపండి. సరుకు వెనక్కొస్తే అదే ట్రాన్సాక్షన్ ఐడీతో రీఫండ్ ఈవెంట్ పంపండి.