టాటానగర్ స్టేషన్ బోర్డు మీద కాలీమాటి పేరు కూడా ఉండాలా?

కద్మా నివాసి:
జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ ఊరి స్టేషన్ టాటానగర్. దాని పాత పేరు కాలీమాటి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి టాటా ఉక్కు కర్మాగారం తయారుచేసిన రైలు పట్టాలు మెసొపొటేమియా, ఈజిప్టు దాకా వెళ్లాయి. అందుకు కృతజ్ఞతగా వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ 1919 జనవరి 2న స్వయంగా వచ్చి, కర్మాగారం ఉన్న సాక్చి ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. స్టేషన్ టాటానగర్ అయింది. ఈ కర్మాగారం కలగన్న జంషెడ్‌జీ టాటా అప్పటికి చనిపోయి దాదాపు పదిహేనేళ్లు. అది ఆయన కోరిన పేరూ కాదు, ఇక్కడి జనం ఎంచుకున్న పేరూ కాదు. సంతాల్, హో, భూమిజ్ పల్లెలున్న నేల మీద లేచిన ఊరిది. సాక్చి కనీసం ఒక పేటగా, బజారుగా బతికింది. కాలీమాటికి ఒక రోడ్డు మిగిలింది, అంతే.

టాటా పేరు తీసేయమని నేను అనడం లేదు. పసుపు బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాస్తారు కదా, దాని కింద పాత పేరు ఒక్క వరుస రాయమంటున్నాను.

పట్టాల ప్రేమికుడు:
కద్మా నివాసి గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోలేను. కర్మాగారం ఎక్కడ కట్టాలో ఇంకా తేలని 1902లోనే జంషెడ్‌జీ కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాశారు: వీధులు వెడల్పుగా ఉండాలి, నీడనిచ్చే చెట్లు నాటాలి, ఆటస్థలాలకు చోటు వదలాలి, గుళ్లకూ మసీదులకూ చర్చిలకూ స్థలం కేటాయించాలి అని. ఊరిని చూడకుండానే పోయిన మనిషి ఊరి కోసం అంత ఆలోచించారు. 1912లోనే ఇక్కడ ఎనిమిది గంటల పని దినం వచ్చింది. అలాంటి వ్యక్తి పేరు స్టేషన్‌కు ఉంటే తప్పేమిటి? ఇప్పుడు జనం నోట ఊరే ‘టాటా’. బోర్డు మీద రెండో పేరు కనిపిస్తే కొత్త ప్రయాణికులు తికమక పడతారు.

కాగజ్‌నగర్ నుంచి:
మా ఊరి సంగతి చెబుతాను. ఒకప్పటి కొత్తపేట, కాగితం మిల్లు వచ్చాక కాగజ్‌నగర్ అయింది. స్టేషన్ సిర్పూర్ కాగజ్‌నగర్. మిల్లు చేతులు మారింది, 2014లో మూతపడింది, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక మళ్లీ తెరుచుకుంది. యజమాని ఎవరైనా పేరు చెల్లుతూనే ఉంది, ఎందుకంటే అందులో ఉన్నది అక్కడ జరిగే పని. మూతపడిన ఆ నాలుగేళ్లలో పస్తులున్న కార్మికుడు కూడా ఆ పేరు తనదే అనుకోగలిగాడు. యజమాని పేరు పెట్టిన ఊళ్లో అది సాధ్యమా?

కద్మా నివాసి:
కాగజ్‌నగర్ మిత్రులు నా మనసులో మాట నాకంటే బాగా చెప్పారు. ప్రేమికుడు గారూ, ఆ ఉత్తరం మీద, ఎనిమిది గంటల పని మీద నాకూ గౌరవముంది. అయితే 1920, 1922, 1928 సమ్మెలు కూడా ఇదే కర్మాగారంలో జరిగాయి. సుభాష్ చంద్ర బోస్ ఇక్కడి కార్మిక సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. ఈ ఊరు ఒక్కరు ఇస్తే వచ్చింది కాదు. కొలిమి ముందు నిలబడ్డవారు, మట్టి మోసినవారు, భూమి పోగొట్టుకున్నవారు అందరూ కలిస్తే వచ్చింది. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. బిష్టుపూర్ రామమందిరం వాళ్లు కట్టుకున్నదే.

తికమక అంటారా? టికెట్ మీద టాటానగరే ఉంటుంది, కోడూ మారదు. స్టేషన్ పేరు మార్చాలంటే రాష్ట్ర ప్రభుత్వం అడగాలి, కేంద్ర హోంశాఖ అభ్యంతరం లేదనాలి. అంత పెద్ద మార్పు నేను కోరడం లేదు. రైలు దిగిన పిల్లవాడు బోర్డు చూసి ‘కాలీమాటి ఎక్కడుంది?’ అని అడిగితే, ‘నువ్వు నిలబడ్డ చోటే’ అని పెద్దవాళ్లు చెప్పగలగాలి. ఊరి పక్కనున్న జుగ్సలాయ్, మాంగోల నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే మీ మాట కూడా రాయండి. పాత పేరు మీ ఇళ్లలో ఇంకా ఎవరైనా వాడుతున్నారా?