బెంగాల్లో ఏడాదిపాటు ఫోటోలు తీయాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి?

విజీనగరం పిల్ల:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. బదిలీ మీద జూన్‌లో కలకత్తా వచ్చాను, సాల్ట్‌లేక్‌లో ఉంటున్నాను. ఇంకో ఏడాదైనా ఇక్కడే ఉంటాను. ఈలోగా ఇక్కడి మనుషుల్నీ, వాళ్ళ పనుల్నీ, పొలాల్నీ, నదుల్నీ ఫోటోలు తీసి దాచుకోవాలని గట్టిగా అనుకున్నాను. పాత నికాన్ ఒకటి, 35 ఎంఎం లెన్సు ఒకటి, కెమెరాతోపాటు వచ్చిన 18-55 ఒకటి ఉన్నాయి.

మహాలయ రోజు పొద్దున్నే, మట్టితో దేవతల బొమ్మలు చేసే కుమార్‌టూలీ వెళ్ళాను, దుర్గమ్మకు కళ్ళు దిద్దే రోజు కదా అని. బనమాలీ సర్కార్ వీధి నిండా కెమెరాలే. ఒక్కో పాకలో పనివాడు ఒకడు, చుట్టూ పదిహేనుమంది మాలాంటివాళ్ళు. వెనక్కి జరగబోతే నా భుజాన ఉన్న సంచి తగిలి, లక్ష్మీపూజ కోసం చేసి ఆరబెట్టిన చిన్న బొమ్మ చూపుడువేలు విరిగిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. చిటికెడు మట్టి తీసి అరచేతుల మధ్య సన్నగా చుట్టాడు, తడి వేలితో అతికించాడు, గోటితో గోరు గీశాడు. రెండు నిమిషాల పని. డబ్బులివ్వబోతే తల అడ్డంగా ఊపాడు. ఆ వేలు చేస్తుండగా నేను ఒక ఫోటో తీశాను. తప్పు చేసిందీ నేనే, ఫోటో తీసిందీ నేనే. అప్పటినుంచి మనసు బాగాలేదు, కెమెరా బయటకు తీయలేదు.

పెద్దలు చెప్పండి. ఎక్కడికి, ఎప్పుడు వెళ్ళాలి? అడిగి తీయాలా, అడగకుండా తీయాలా?

ఖరగ్‌పూర్ తాత:

అమ్మా, మాది పాలకొండ దగ్గర. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో బెంగాలీ. నేనూ ఆ వర్క్‌షాపులోనే రిటైరయ్యాను. 1984లో యాషికా కొన్నాను. అప్పటినుంచి ఈ జిల్లాలోనే తీస్తున్నాను, దూరం పోయింది తక్కువ.

కుమార్‌టూలీకి నువ్వు వెళ్ళిన రోజే సరైంది కాదు. వాళ్ళకి అది ఊపిరాడని రోజు. పని మొదలయ్యేది రథయాత్ర నాడు, చట్రానికి పూజ చేసి. ఆ చట్రాన్ని కాఠామో అంటారు. వెదురు మీద వరిగడ్డి పెట్టి జనపనార తాడుతో బిగిస్తారు. ముందు ఊక కలిపిన బంకమట్టి, అది ఆరాక మెత్తటి మట్టి, పగుళ్ళ మీద మట్టిలో ముంచిన గుడ్డపీలికలు, ఆ పైన చింతగింజల జిగురు కలిపిన సుద్ద. శ్రావణంలో వెళితే వీధిలో ఎవరూ ఉండరు. వానకి మట్టి ఆరదు, బ్లోలాంపు మంట పట్టుకుని ఆరబెడుతుంటారు. చీకటి పాకలో, ఇంకా తల పెట్టని గడ్డి దేవతల మధ్య ఆ నీలిమంట వెలుగు ఉంటుంది చూడు, దానికోసం నేను మూడేళ్ళు వరసగా వెళ్ళాను. ఫ్లాషు కొట్టకు, మట్టి నున్నదనం చచ్చిపోతుంది. 35 లెన్సు చాలు, తక్కువ వెలుతురులోనూ పడేలా ఐఎస్ఓ 3200 దాకా పెంచినా ఫరవాలేదు. నిమజ్జనం అయిన మర్నాడు గంగ ఒడ్డుకి కూడా వెళ్ళు. రంగు కరిగిపోయిన చట్రాల్ని నీళ్ళలోంచి లాగి తెస్తారు, కొన్ని మళ్ళీ ఆ వీధికే చేరతాయి.

నువ్వు విజయనగరం పిల్లవి కాబట్టి ఇది నీకే చెబుతున్నాను. ఆగస్టు, సెప్టెంబరుల్లో నదియా, ముర్షిదాబాద్ వైపు పో. జనపకట్టెలు చెరువుల్లో నానేసి, నడుంలోతు నీళ్ళలో నిలబడి నార ఒలుస్తుంటారు. వంతెనల రెయిలింగుల మీద బంగారం రంగు నార ఆరుతుంటుంది. ఆ వాసన నీకు కొత్త కాదు, మన గోగునార కుళ్ళబెట్టే వాసనే. కలకత్తా ఫోటోగ్రాఫర్లు ముక్కు మూసుకుని వెళ్ళిపోయే చోట నువ్వు నిలబడగలవు. పూజలకు ముందు పొలంగట్ల మీద పూసే కాశ్ పూలు మన రెల్లుపూలే. మార్చిలో పురులియా నిండా పూసే పలాశ్ మన మోదుగే. అక్కడే చరీదా అనే ఊళ్ళో ఛౌ నాట్యానికి మాస్కులు చేస్తారు.

నా మనసంతా మాత్రం ఈతచెట్టు మీదే. మనవైపు ఈతచెట్టు గీస్తే కల్లు. ఇక్కడ చలికాలమంతా దాని రసం కాచి బెల్లం చేస్తారు, నలేన్ గుడ్ అని. గీసే ఆయన్ని శియులీ అంటారు. సాయంత్రం చెట్టెక్కి మట్ట కింద సన్నగా చెక్కి, వెదురుపుల్ల దిగేసి, కుండ కడతాడు. ఎండ తగిలితే రసం పులుస్తుంది కాబట్టి తెల్లారకముందే దించేస్తాడు. మూడు రోజులు చెట్టుకి విశ్రాంతినిచ్చి మళ్ళీ గీసినప్పుడు మొదట వచ్చే రసాన్ని జిరేన్ రసం అంటారు. మేలైన బెల్లం దాంతోనే.

ఒకాయన వెంట నేను మూడు చలికాలాలు తిరిగాను. మొదటి ఏడాది అందరూ తీసేదే తీశాను, మంచులో చెట్టెక్కిన మనిషి నీడ. రెండో ఏడాది ఆయనే నన్ను చెట్టు దగ్గరికి పిలిచి మొద్దు మీద చెయ్యి వేయించాడు. ఏటా ఒక పక్కన గీస్తారు, మరుసటేడు రెండో పక్కన. అందుకే మొద్దు మెట్లు మెట్లుగా వంకర్లు తిరిగి ఉంటుంది. ఆ మెట్లు లెక్కపెడితే చెట్టుని ఎన్నేళ్ళుగా గీస్తున్నారో తెలుస్తుంది. కింద పదకొండు వాళ్ళ నాన్న గీసినవి, పైన తొమ్మిది తనవి. నేను దాచుకున్న వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ ఫోటోయే. అందులో మనిషి లేడు, పొద్దూ లేదు. బెరడు, గాట్లు, పదకొండో గాటు మీద ఆయన బొటనవేలు.

రసం కాచే పెనం దగ్గర జాగ్రత్త. మన అనకాపల్లి పెనం లాంటిదే, లోతు తక్కువ. చలిలోంచి వచ్చిన లెన్సు ఆవిరి తగలగానే మసకబారుతుంది. కెమెరాని సంచిలోనే ఉంచి, పొయ్యి పక్కన కాసేపు కూర్చుని, ఒక గ్లాసు రసం తాగి, అప్పుడు తియ్యి. మంచులో తీసేటప్పుడు ఎక్స్‌పోజరు ఒక స్టాపు పెంచు, లేకపోతే తెల్లటి మంచు బూడిదరంగులో పడుతుంది.

ఏ రోజు తీసింది ఆ రోజే రాసిపెట్టుకో తల్లీ. ఊరు, తేదీ, పని పేరు, పనిముట్టు పేరు, ఆయన ఏమన్నాడు. 1943 బెంగాల్ కరువు అంటే ఈనాటికీ కళ్ళముందు నిలిచేవి సునీల్ జానా తీసిన ఫోటోలు. ఎక్కడివో ఎప్పటివో తెలుసు కాబట్టే అవి సాక్ష్యాలయ్యాయి. నా మొదటి పదేళ్ళ ఫోటోల వెనక ఏమీ రాయలేదు. ఇప్పుడు ఆ ముఖాలు చూస్తే ఊరు గుర్తురాదు, అడుగుదామంటే ఎవరూ లేరు. దానికి నాకెప్పుడూ బాధే.

వీధి కెమెరా:

తాతగారి మాటంటే గౌరవమే. ‘అడిగి తీయాలా’ అన్న మీ ప్రశ్నకి మాత్రం, అన్నిసార్లూ అడిగి తీయాలంటే నేను ఒప్పుకోను. హౌరా వంతెన కింద మల్లిక్ ఘాట్ పూలబజారులో తెల్లవారుజామున బంతిదండల మోపు నెత్తిన పెట్టుకుని పరుగెత్తే మనిషిని ఆపి అడుగుతామా? ఆపితే ఆయన పని చెడుతుంది. అడగ్గానే అందరూ నిటారుగా నిలబడి నవ్వుతారు, ఉన్న జీవం పోతుంది. వీధి వీధే. దారికి అడ్డం రాకుండా ఒక మూల నిలబడి తీసుకోండి.

బాలీగంజ్ కోడలు:

మాది తెనాలి, పెళ్ళయి బెంగాలీ ఇంటికి వచ్చి పందొమ్మిదేళ్ళు. పైన వీధి కెమెరా గారికి ఒక సంగతి చెప్పాలి.

దశమి నాడు అమ్మవారిని పంపించేముందు ముత్తయిదువులు తమలపాకుతో ఆవిడ బుగ్గలు తుడిచి, సిందూరం పెట్టి, ఒకరికొకరు పూసుకుంటారు. ఒక ఏడాది మా అత్తగారు ఆకు బుగ్గకి ఆనించి అలాగే నిలబడి ఏడ్చేశారు. అంతకుముందు ఏడాదే మా ఆడపడుచు పోయింది. ఆ క్షణాన్ని ఎవరో తీశారు. కొన్ని నెలలకి అది ఒక ప్రయాణాల ప్రకటనలో కనబడింది, కింద ‘ఆనందబాష్పాలు’ అని. ఎవరు తీశారో తెలియదు. ఆవిడ మళ్ళీ మండపానికి రాలేదు, ఇంట్లోనే దండం పెట్టుకుంటారు.

పరుగెత్తేవాణ్ణి ఆపమని నేననను. మనిషి ఏడుస్తున్నప్పుడు మాత్రం కెమెరా దించండి. అప్పుడు దించలేకపోతే తరవాత వెళ్ళి ‘మాషీ, ఇది ఉంచుకోవచ్చా’ అని అడగండి. మాషీ అంటే పిన్ని. ఆ పిలుపుతో అడిగితే ఔనో కాదో మొహం మీదే చెబుతారు. మా అత్తగారు కాదనేవారు. నలుగురు ఆడవాళ్ళ నవ్వులు కావాలంటే సంతోషంగా పిలిచి తీయించుకునేవారు కూడా.

ఖరగ్‌పూర్ తాత:

అమ్మా, మీ అత్తగారికి నా నమస్కారం చెప్పు. వీధి కెమెరా బాబూ, పూలబజారు గురించి నువ్వన్నది నిజమే, అక్కడ నేనూ అడగను. కానీ మర్నాడు అదే మూలకి వెళ్ళి నిలబడతాను. మూడోరోజుకి వాళ్ళే అడుగుతారు, నిన్నటి ఫోటో ఏదీ అని. అందుకే సంచిలో ప్రింట్లు పెట్టుకుని తిరుగుతాను. ఫోన్లో చూపిస్తే చూసి ఇచ్చేస్తారు. కాగితం ఇస్తే గోడకెక్కుతుంది.

విజీనగరం పిల్లా, ఆ వేలు ఫోటో ప్రింటు వేయించి ఆయనకి ఇవ్వు. నీ ప్రశ్నకి జవాబు ఆయన దగ్గరే ఉంది.

ఇంకొకటి, పింగ్లా దగ్గర నయా ఊరికి తప్పక రా. హౌరా నుంచి లోకల్‌లో బాలిచక్ దిగితే అక్కణ్ణుంచి బస్సు. పటాలు గీసి, చుట్టలు విప్పుతూ పాడే చిత్రకారుల ఊరు. వాళ్ళు ముస్లింలు, గీసేది పాముల దేవత మనస కథ అయిన మనసామంగళం, దుర్గ కథ, చేపల పెళ్ళి. మన చేర్యాల పటం చూసినవాళ్ళకి చేయి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళినట్టుంటుంది. శంఖుపూల నీలం, చిక్కుడాకు పచ్చ, పసుపు, దీపం మసి, అన్నీ కొబ్బరిచిప్పల్లో మారేడు జిగురుతో కలుపుతారు. పటాన్ని మొత్తం ఒక ఫోటోలో పట్టించాలని చూడకు, పాడేటప్పుడు బొమ్మ మీద జరిగే వేలిని చూడు.

విజీనగరం పిల్ల:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న కుమార్‌టూలీ వెళ్ళొచ్చాను, కెమెరా లేకుండా. కాళీపూజ దగ్గరపడింది, పాకంతా నల్లరంగు వాసన. ‘దాదా’ అని పిలిచి ప్రింటు ఇచ్చాను. నన్ను గుర్తుపట్టాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోటోని గుమ్మం వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. తన ముఖం వైపు చూడలేదు, వేలు వైపే చూశాడు. లోపల్నుంచి కుర్రవాణ్ణి పిలిచి, గోరు ఎక్కడ గీశాడో ఫోటోలో చూపించి, ఏదో నేర్పుతున్నట్టు చెప్పాడు. తరవాత ఇంకో రెండు ప్రింట్లు అడిగాడు. ఒకటి కృష్ణనగర్‌లో ఉన్న వాళ్ళమ్మకట. డబ్బు తీసి ఇవ్వబోయాడు, ఈసారి నేను తల అడ్డంగా ఊపాను.

వచ్చే రథయాత్రకి చట్రం పూజ తన పాకలోనే చూడమన్నాడు. ఎక్కడ నిలబడితే ఎవరికీ అడ్డం ఉండదో ఆ మూల కూడా చూపించాడు. ఇంటికొచ్చి నోట్‌బుక్కులో రాసుకున్నాను, ఎడమవైపు వెదురు నిచ్చెన పక్కన.

తాతగారూ, డిసెంబరులో బాలిచక్ వస్తాను. ఆ గాట్ల చెట్టు ఇంకా ఉందా?