రాజులందా, రాజులయందా? (వేడికి గట్టిపడే జెల్లుకి క్రియ కావాలి)

కరపత్రం: నన్నయ భారతంలో ఉదంకుడి కథలో పౌష్యుడనే రాజు చెప్పే పద్యం, “నిండుమనంబు నవ్యనవనీతసమానము” అంటూ మొదలయ్యేది. విప్రుల మనసు వెన్న, మాట వజ్రాయుధం, రాజులకి ఈ రెండూ తలకిందులు అని. అందులో “రెండును రాజులయందు విపరీతము” దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాతి ముక్క ఎవరైనా అందించండి. అవసరం ఏమిటంటే, పోలోక్సమర్ 407 (గొలుసులాంటి పొడవాటి అణువుల పదార్థం, పాలిమర్) కలిసిన కంటి మందు జెల్లు మీద రోగులకిచ్చే కాగితం తెలుగులో రాయాలి. ఫ్రిజ్‌లో నీళ్లలా ఉంటుంది, ఒంటి వేడికి గట్టిపడుతుంది. వెన్నకి అచ్చంగా విపరీతం. ఈ గట్టిపడటానికి ఒక్క క్రియ చాలు. “గడ్డకట్టు” వద్దు, రోగి రక్తపు గడ్డ అనుకుంటాడు.

యతిమైత్రి: ముందుగా మీ పాదం సరిచేద్దాం, ఇది మూడోది. రాజులయందు కాదు, రాజులందు. ఉత్పలమాల కదండీ: రెండును, రాజులం, దువిప, రీతము. భ, ర, న, భ. మీ “య” దూరిందంటే రగణం పోతుంది, పదో అక్షరం “రీ” కావలసిన చోట “ప” వస్తుంది. రెం–రీ యతి గంగలో కలిసినట్టే. తర్వాతి ముక్క “గావున విప్రుఁ డోపు”.

పాతపుస్తకం: రెండో పాదంలో “విప్రులయందు” ఉంది కదా. కవి అక్కడొకలా, ఇక్కడొకలా ఎందుకంటాడు?

యతిమైత్రి: అక్కడ “విప్రుల, యందుని, క్కమీ” అని గణాలకి య కావాలి, ఇక్కడ అక్కర్లేదు. నాలుక రెండో పాదాన్నే మూడో పాదంలోకి లాక్కొస్తుంది. వందమంది అప్పజెబితే తొంభైమంది చేసే తప్పే ఇది.

మీగడ: నన్ను గిల్లేది మొదటి పాదం. నవనీతం అంటేనే కొత్తగా తీసినది. దాని ముందు మళ్లీ నవ్యం ఎందుకు? నన్నయంతటివాడు ఊరికే వెయ్యడు. నిన్నటి వెన్న, ఈ పూట వెన్న అనే తేడా చూపించాడని నా సిద్ధాంతం.

పాతపుస్తకం: గణం నింపడానికే అనుకోవచ్చుగా.

మీగడ: అనుకోవచ్చు. నేననుకోను.

చల్లనిసీసా: క్రియ సంగతి. “పేరుకొను” అందామంటే నెయ్యి పేరుకునేది చల్లబడితే. “తోడుకొను” అంటే తోడు వెయ్యాలి. ఇక్కడ వేసేదేమీ లేదు. పోలోక్సమర్ గొలుసు మధ్యనున్న పాలీప్రొపిలీన్ ఆక్సైడ్ ముక్క వేడికి నీటిని వదిలేస్తుంది, గొలుసులు ఉండలు కడతాయి, ఉండలు కిక్కిరిసి కదలవు. అంతే జెల్లు. ఆ కిక్కిరియడానికి పాళ్లు సరిపోవాలి. 20 గ్రాముల పొడి, 80 గ్రాముల నీళ్లు. నీళ్లు 4–5 డిగ్రీల్లో ఉండగా కొద్దికొద్దిగా చల్లి, మెల్లగా కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో వదలాలి. గోరువెచ్చని నీళ్లలో వేస్తే పైన జిగురు పొర కట్టి లోపల పొడి పొడిగానే ఉంటుంది. గబగబా తిప్పితే నురగ పడుతుంది, ఆ బుడగలు తేలిపోయేదాకా చల్లగానే ఉంచాలి. 20 శాతం ద్రావణం గది వేడికే మొండికేస్తుంది కాబట్టి మే నెలలో బల్ల మీద పెట్టిన సిరంజి సూదిలోనే బిగుసుకుంటుంది. మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే జారుతుంది.

మీగడ: “బిగుసుకొను” మీరే వాడారు! అదే క్రియ.

చల్లనిసీసా: చలికి చేతులు బిగుసుకుంటాయండీ, వేడికి కాదు.

గుంటూరుఘాటు: జున్ను మర్చిపోయారా? జున్నుపాలు వేడి తగిలితేనే కడతాయి. “జున్నుకట్టు” అనండి, పల్లెలో ముసలమ్మకి కూడా అర్థమవుతుంది.

చల్లనిసీసా: ఫ్రిజ్‌లో పెడితే జున్ను మళ్లీ పాలవుతుందా? కోడిగుడ్డు తెల్లసొన కథా అదే. ఇది ఎన్నిసార్లైనా వెనక్కి వస్తుంది.

యతిమైత్రి: అయితే జవాబు నాలుగో పాదంలోనే ఉంది. “శాపము గ్రమ్మఱింపఁగన్”. విప్రుడు శాపం వెనక్కి తీసుకోగలడు, రాజు తీసుకోలేడు. మీ జెల్లు విప్రుడు, జున్ను రాజు. “క్రమ్మఱు జెల్లు” అనండి.

పాతపుస్తకం: బండి ఱతో రాస్తే ఏ ఫార్మసీ వాడు అచ్చువేస్తాడు?

కణపత్రం: అన్నిటికీ ఒకే క్రియ కుదరదు. పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ అనే మరో పాలిమర్ 32 డిగ్రీల పైన నీరు వదిలి ముడుచుకుంటుంది. గట్టిపడటం కాదు, కుంచించుకోవడం. టోక్యోలో ఒకానో అనే శాస్త్రవేత్త బృందం దాన్ని కణాలు పెంచే పాత్ర అడుగున 15–20 నానోమీటర్ల పొరగా అంటించింది. 37 డిగ్రీల్లో కణాలు అంటుకుని పెరుగుతాయి, 20కి దించితే పొర నీరు పీల్చి కణాల దుప్పటి మొత్తం ఊడివస్తుంది. కణాలను ఊడదీసే ట్రిప్సిన్ ఎంజైము అక్కర్లేదు, కణాల మధ్య అతుకులు తెగవు. పొర 30 నానోమీటర్లు దాటితే మాత్రం కణాలు అసలు అంటుకోవు. ఇక్కడ వైద్యానికి పనికొచ్చేది చల్లబడటం. విపరీతానికి విపరీతం!

చల్లనిసీసా: కాగితంలో “వేడికి కరగదు” అనైనా రాయండి, ఒంటి వేడిలో కరిగేది పలచబడితేనే. కంట్లో 7 మైక్రోలీటర్ల కన్నీరుంటుంది. 40 మైక్రోలీటర్ల చుక్క వేస్తే 18 శాతం జెల్లు కాస్తా 15.3 శాతం అవుతుంది. కంటి పైభాగం 34 డిగ్రీలే, అంత పలచనిది అక్కడ నిలవడం కష్టం. అందుకే సీసాలో కాదు, కన్నీటితో కలిపి పరీక్షించాలి. మూత్రపిండం లోపలి క్యాన్సర్‌కి 2020లో అమెరికాలో అనుమతి వచ్చిన మైటోమైసిన్ జెల్లూ ఇంతే. మంచుచల్లగా పంపిస్తారు, లోపల నిలుస్తుంది, కొన్ని గంటల్లో మూత్రంలో కలిసి పోతుంది.

కరపత్రం: సరే, “ఒంటి వేడికి ముద్దవుతుంది” అని రాశాం.

మీగడ: ముద్ద అంటే తినమనుకుంటారేమో చూడండి. కంటి మందు కదా.

పాతపుస్తకం: యతిమైత్రి గారూ, “రాజులయందు”లో యకారాన్ని తేల్చి పలికితే గణం నిలవదంటారా?