అప్‌డేట్: 18 క్యారెట్ ఒమేగా వాచీ సంగతి

అమ్మకానికి వచ్చిన పాత బంగారు ఒమేగా కొనొచ్చా, బంగారం నిజమేనా, డయల్ ఒరిజినలేనా అని అడిగాను కదా, తేలిపోయింది. తెలిసిన వాచీ మెకానిక్‌తో వెనక మూత తీయిస్తే లోపల 0.750 ముద్ర (అంటే 75 శాతం బంగారం, 18 క్యారెట్), పక్కనే చిన్న స్త్రీ తల కనిపించాయి. అది హెల్వెటియా, అంటే స్విట్జర్లాండ్‌కి ప్రతీకగా చూపించే స్త్రీ, 1995 దాకా స్విస్ వాళ్ళు 18 క్యారెట్‌కి కొట్టిన గుర్తు, 14 అయితే ఉడుత ఉండేదట. కాబట్టి బంగారం ఓకే.

తేడా అంతా డయల్‌లోనే. భూతద్దంలో 'స్విస్ మేడ్' అక్షరాలు లావుగా అలుక్కుపోయి ఉన్నాయి, నిమిషాల గీతలు ఒకటి పొడుగు ఒకటి పొట్టి. మళ్ళీ రంగేయించిందే! కీ ఇచ్చే గుండీ మీద ఒమేగా గుర్తే లేదు, అయినా అమ్మేవాడు మాత్రం "అంతా ఒరిజినల్ సార్" అనడం మానలేదు. బంగారం రేటు మీద కాస్త ఎక్కువిస్తానన్నాను, బేరం నడుస్తోంది. పాలిష్ పట్టించి ఇస్తానంటే మాత్రం దండం పెట్టి వద్దన్నాను, అసలే అంచులు అరిగిపోయి ఉన్నాయి.