ఫ్రోజెన్ ప్యాకెట్లు మానేసి వంట మొదలుపెట్టా, ఎలా నిలబెట్టుకోవాలి?

రెండేళ్లుగా రాత్రి తిండి అంటే ఫ్రీజర్‌లోంచి డబ్బా తీసి మైక్రోవేవ్‌లో పెట్టడమే. మొన్న ఊరికే ప్యాకెట్ వెనక చూస్తే ఒక్కదాంట్లోనే 2 గ్రాములకు పైగా ఉప్పు ఉంది, రోజంతా కలిపి 5 గ్రాములు దాటొద్దంటారు కదా, దాంతో మానేశా. కానీ వారం తిరక్కుండానే ఓపిక అయిపోయింది. వండడం పర్లేదు (ఉల్లిపాయలు మాడ్చడంలో అయితే బాగానే చేయి తిరిగింది), ఆఫీసు నుంచి వచ్చాక కూరగాయలు తరగడం, తర్వాత గిన్నెలు తోమడం, అదే ప్రాణం మీదికొస్తోంది.

ఆదివారం ఒకేసారి వండి 3 రోజులకి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో పెడదామనుకుంటున్నా. ఏవి ఫ్రీజ్ చేసినా రుచి పోదు? బంగాళాదుంప కూర పెడితే కరిగాక నీళ్లోడి పిండిపిండిగా అయింది. ఒక్కరికే వండుకునేవాళ్లు వారంలో ఎన్నిసార్లు పొయ్యి వెలిగిస్తారో కూడా చెప్పండి.