క్లీన్, శానిటైజ్, డిసిన్ఫెక్ట్: మూడింటికీ ‘శుభ్రం చేయడం’ అంటే సరిపోతుందా?

మారతహళ్ళి వాసి:
మా అపార్ట్‌మెంట్‌లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళు ఎక్కువమంది అనంతపురం, కర్నూలు వైపు వాళ్ళు. వాళ్ళకోసం ఇంగ్లీషు నోటీసును తెలుగులో రాసే పని నాకు అప్పజెప్పారు. పైన చెప్పిన మూడు మాటలకూ నేను ‘శుభ్రం చేయాలి’ అనే రాశాను. మర్నాడు చూస్తే, చెత్తగది ముందు కూరల నీళ్ళు కారి జిడ్డుకట్టిన నేలమీదే బ్లీచింగ్ నీళ్ళు చల్లేసి ఉన్నాయి. ఊడ్చలేదు, కడగలేదు. అడిగితే ఆ అక్క, "శుభ్రం చేసే మందే కదా సార్ చల్లింది" అంది. నా తెలుగు వల్లే ఇలా అయిందని బాధగా ఉంది. మీరేమంటారు?

జయనగర్ పాత కాపు:
భాషను ఎందుకు తప్పుపడతారు? ఇంగ్లీషువాళ్ళూ మాటల్లో వీటిని కలిపేస్తారు. ఒకసారి దగ్గరుండి చేసి చూపిస్తే చాలు. మనకు శుచి, శుభ్రం, మడి అని మాటలకు కొదవా?

ల్యాబ్ టెక్నీషియన్:
ఒప్పుకోలేను అన్నా. మడిబట్టకు మురికి అంటక్కర్లేదు, ఎవరైనా తాకితే చాలు మైలపడుతుంది. అది ఆచారం, క్రిముల లెక్క వేరు. క్లీన్ అంటే మురికి వదలడం, దానికి సబ్బునీళ్ళు చాలు. శానిటైజ్ అంటే క్రిములు హాని లేనంతకు తగ్గడం. డిసిన్ఫెక్ట్ అంటే మందుతో వాటిని చంపడం, అయినా మొండి స్పోర్లు (కొన్ని క్రిములు గట్టి పొరతో విత్తనాల్లా మారిన రూపం) మిగలొచ్చు. అవీ మిగలకూడదంటే స్టెరిలైజ్ చేయాలి. ల్యాబ్‌లో ఆటోక్లేవ్‌లో (పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది) పెట్టి, 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచుతాం. జిడ్డు, కుళ్ళు ఉన్నచోట బ్లీచింగ్ పోస్తే దాని బలమంతా వాటికే ఖర్చయిపోతుంది. మీ చెత్తగది ముందు జరిగింది అదే.

మారతహళ్ళి వాసి:
మరి శానిటైజ్‌కి ఏం రాయను? పారిశుద్ధ్యం అంటే మున్సిపాలిటీ పని అనుకుంటారు.

ల్యాబ్ టెక్నీషియన్:
పేరు వదిలేసి పని రాయండి. "ముందు ఊడ్చి, సబ్బునీళ్ళతో కడగాలి. నీళ్ళు లాగేయాలి. ఆ తర్వాత మందు వేసి, డబ్బామీద రాసినంతసేపు తడి ఆరకుండా వదలాలి." ఇంకోటి తప్పకుండా రాయండి: బాత్రూం ఆసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలపకూడదు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు.

జయనగర్ పాత కాపు:
ఆ చివరిది ఎర్ర అక్షరాల్లో పెట్టండి. నోటీసు చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి కూడా. ‘శుభ్రం’ విషయంలో మాత్రం నా మాట నాదే.